పదకొండో నంబరు స్టిక్కరు

"సంతకం పెట్ట. పెట్టనంటే పెట్ట. కావాల్నంటే నా చెయ్యి నరుక్కపోయి దానితోని పెట్టించుకోమను."

కృపాకర్ ఈ మాట మూడోసారి అన్నప్పుడు టైము పదీ నలభై. శాలిబండలో ఆయన రేకుల షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన చేతిలో టైపు చేసిన కాగితం ఒకటుంది. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. "నా షెడ్డుకు వచ్చిన రెండు పడవలను పొరపాటున తారుమారు చేసి, ఏడో నంబరు పడవకు పదకొండో నంబరు స్టిక్కరు వేశాను. ఇది కావాలని చేసింది కాదు." కింద సంతకానికి ఖాళీ. దాని పక్కన పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు కూడా పెట్టి పంపారు, ఎక్కడ పెట్టాలో తెలియని వాడికి చూపించినట్టు. ఆ ఇంటూ గుర్తు చూస్తే నాకే ఒళ్లు మండింది.

సంతకం పెడితే సాయంత్రానికి బెయిలు. పెట్టకపోతే మధ్యాహ్నం రెండింటికి అరెస్టు. కావాలనే చేశాడని రాస్తారు. ముగ్గురి చావు ఆయన మెడకు చుట్టుకుంటుంది.

నా పేరు రాగసుధ. మాది బందరు. పద్నాలుగేళ్లు పడవల బీమా సర్వేయరుగా చేశాను. నేను రాసిన రిపోర్టులో ఒక పేరా తీసేయమంటే ఉద్యోగమే వదిలేశాను. ఇప్పుడు ఇక్కడే ఒక గాజుల దుకాణం పైన గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది భర్తల మీద అనుమానంతో వస్తారు. కృపాకర్ భార్య స్వీటీ మాత్రం నిన్న భర్త మీద నమ్మకంతో వచ్చింది. అందుకే కేసు తీసుకున్నాను.

జరిగింది ఇదీ. తొమ్మిది రోజుల కిందట, ఆదివారం, ఊరి బయట చెరువులో ఒక షికారు పడవ మునిగిపోయింది. ఇద్దరు ప్రయాణికులు పోయారు. పడవ నడిపే నగేష్ కూడా పోయాడు. పడవ మీద పదకొండని నంబరుంది. పదకొండుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉంది. తీరా బయటికి లాగి చూస్తే కొత్త స్టిక్కరు అంచు దాటి పాత ఏడు అంకె తోక కనబడింది. ఎండకు చుట్టూ వెలిసిపోయి, పాత స్టిక్కరు ఉన్న చోటు మాత్రం వెలవకుండా మిగిలిన నీడ అది. ఏడో నంబరు అడుగు పగిలిందని ఫిబ్రవరిలోనే పక్కన పెట్టమన్న పడవ. అంటే మునిగింది ఏడు. ఆ సంగతి చిన్నపిల్లలకు కూడా అర్థమైంది. అర్థం కానిదల్లా దానికి పదకొండని ఎవరు వేశారన్నది.

కంపెనీ వాళ్ల జవాబు ఈ కాగితంలో ఉంది.

"కృపాకర్ గారూ, పడవ ఎప్పుడొచ్చింది?" అని మొదలుపెట్టాను.

"మార్చి పద్దెనిమిది, బుధవారం. పొద్దుగాల ఐదున్నరకు ట్రాలీ మీద దింపిన్రు. ఆరు దాటితే గీ గల్లీలకు ట్రాలీ రాదు మేడం, ఆటోలు నిండిపోతయి."

"ఎన్ని పడవలు?"

"ఒక్కటే. పదకొండు."

"కంపెనీ చలానులో ఏడు, పదకొండు, రెండూ వచ్చాయని ఉంది."

"చలాను ఆల్ల ఆఫీసుల రాసుకున్నది. నా షెడ్డు పొడుగు ఇరవై రెండు ఫీట్లు. పడవ పద్దెనిమిది. రెండోది ఏడ పెట్టుకోవాలె, నా నెత్తి మీదనా?"

టేపు తీసి కొలిచాను. ఇరవై రెండడుగుల మూడంగుళాలు. వెడల్పు తొమ్మిది. రెండో పడవను బయట గల్లీలో పెట్టాడని కంపెనీ వాళ్లు అంటారు. అననీ అనుకున్నాను.

"మునిగిన పడవ మీదున్న స్టిక్కరు మీ మిషన్ మీద కోసిందే. అవునా?"

"అవును. ఎందుకు దాస్త? రెండు సెట్లు చెయ్యమన్నరు, చేసిచ్చిన. ఒకటి పడవకు ఏసిన, ఒకటి స్పేర్ అని పట్కపోయిన్రు. గదే ఇయ్యాల నా మెడకు సుట్టుకున్నది."

దాచే మనిషైతే రెండో సెట్టు ఊసే ఎత్తడు. ఇద్దరు పిల్లల స్కూలు సంచులు వేలాడుతున్న మేకుకే ఆయన హీట్ గన్ కూడా వేలాడుతోంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"పాత స్టిక్కర్లు ఎలా తీస్తారో చెప్పండి," అన్నాను. నాకు తెలుసు. ఆయన నోటి నుంచి వినాలి.

"ఏండ్లకేండ్లు ఎండకు కాలిన స్టిక్కర్ అప్పడం లెక్క ఉంటది. గోరు పెడితే ముక్కలైతది. హీట్ గన్ జానెడు దూరంల పట్టాలె. ఫైబర్ మీద చెయ్యి ఆనిస్తే వెచ్చగుండాలె, కాలొద్దు. కాలితే పై పూత బుడగలొస్తది. మూల కాడ ప్లాస్టిక్ కార్డుతోని లేపి, మెల్లగ ఎనకకు మలుపుకుంట గుంజాలె. మిగిలిన బంకను టర్పెంటాయిల్‌తోని తుడిచి సబ్బునీళ్లతోని కడగాలె."

"బ్లేడు?"

"బ్లేడు పట్టుకొచ్చేటోన్ని నా షెడ్డులకే రానియ్య."

స్వీటీ తెచ్చిన చాయ్ తాగుతూ చుట్టూ చూశాను. షెడ్డు తలుపు లోపలివైపు కనబడింది. రేకు తలుపు నిండా స్టిక్కర్లే. శిలువలు, వెంకన్న నామాలు, ఏడు వందల ఎనభై ఆరులు, పోచమ్మలు, మైసమ్మలు, చంద్రవంకలు. అరవైకి తక్కువుండవు. ఏ ఒక్కటీ చిరగలేదు. ఒక్కోదాని కింద మార్కరుతో తారీఖు ఉంది.

"ఇదేమిటి?"

"ఆయన పిచ్చి మేడం," అంది స్వీటీ. "గంట పని రెండు గంటలు జేస్తడు దీనితోని."

"పిచ్చేం కాదు," అన్నాడు కృపాకర్. "మనుషుల పేర్లు, నంబర్లు, కంపెనీ పేర్లు, అన్ని తీసి డబ్బల ఏస్త. దేవుని బొమ్మ, దేవుని పేరు, ఎవలదైనా సరే పడెయ్య. ఎంతసేపైనా మొత్తానికి మొత్తం లేపి గీడ అంటిస్త. మా నాయన నేర్పిండు. ఆయన బోర్డులు రాసేటోడు. చర్చికి రాసిన కుంచెతోనే దర్గకు రాసిండు, గుడికి రాసిండు."

"పదకొండో నంబరు పడవది ఉందా?"

వేలు పెట్టి చూపించాడు. మైసమ్మ. కింద 18-3. దాని పక్కన 21-3, ఒక ఆటోది, శిలువ. మధ్యలో ఇంకేమీ లేదు.

"మరి ఏడో నంబరు మీద ఏ దేవుడుండేవాడు?"

"ఏడును నేను కండ్ల సూడలే. నాకేం ఎర్క?"

ఆ జవాబు విన్నాక కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి నా సంచిలో వేసుకున్నాను. తలుపును అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశాను. పదకొండూ ఇరవై ఐదు. అప్పుడు ఎస్సై అనూహ్యకు ఫోన్ చేశాను.

"రెండింటికి మీరు శాలిబండ రానక్కర్లేదు. కృపాకర్‌ని నేనే జల్‌పల్లి యార్డుకు తీసుకొస్తాను. పడవ అక్కడే ఉందిగా?"

"మధ్యల పారిపోతే?" అంది అనూహ్య.

"నా స్కూటీ వెనక కూర్చుని ఎక్కడికి పారిపోతాడండీ? చార్మినార్ దగ్గర ట్రాఫిక్కులో ఇద్దరం ఇరుక్కుంటాం, అంతే."

ఆమె నవ్వలేదు. వద్దని కూడా అనలేదు. కృపాకర్‌ని పనిముట్ల డబ్బా తెచ్చుకోమన్నాను. పని చేసేవాణ్ని చేతులూపుకుంటూ తీసుకెళ్లడం నాకు అలవాటు లేదు.

కంపెనీ యార్డు గేటుకు చేరేసరికి పన్నెండూ ముప్పై ఐదు. గేటు పక్కన గోడ నీడలో ఒకామె కూర్చుని ఉంది. ఒళ్లో ఫ్రేము కట్టించిన ఫొటో. నీలమ్మ, నగేష్ భార్య. వారం రోజులుగా ఇక్కడినుంచి లేవలేదట. కృపాకర్‌ని చూడగానే లేచి అడ్డంగా వచ్చింది.

"నువ్వేనారా? నా మొగన్ని ముంచినోనివి నువ్వేనా? నంబర్లు సుత సదువరాని మొద్దోడా! నీ చేతులు పడిపోను!"

కృపాకర్ పక్కకు తప్పుకోలేదు.

"నేను గాదమ్మా," అన్నాడు. "గని తిట్టు. నీకు ఎవలన్న కావాలె తిట్టేతందుకు. తిట్టు. నేను గాదు అనుడు మాత్రం బంద్ చెయ్య."

ఆమె ఇంకా తిట్టబోయి ఆగింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"లోపలికి రండి నీలమ్మ గారూ. మీరు కూడా చూడాలి."

గేటు కాపలావాడు అడ్డం వచ్చాడు. బయటివాళ్లకు అనుమతి లేదన్నాడు.

"ఈ కేసు పెట్టింది ఆమె," అన్నాను. "ఆమె బయటిదైతే లోపలిది ఎవరయ్యా? ఎస్సై మేడం లోపలుంది, పోయి అడుగు."

వాడు అడిగేలోపు మేం ముగ్గురం లోపలికి నడిచేశాం.

పడవను రెండు దుంగల మీద బోర్లించకుండా నిలబెట్టారు. అనూహ్య పక్కన నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుండవు, ముఖంలో నిద్ర లేదు. ఆమె పక్కన తెల్ల చొక్కాలో వెంకటనారాయణ గారు. పోలీసు శాఖలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరయ్యి ఈ పడవల కంపెనీకి రక్షణ వ్యవహారాలు చూస్తున్నారు. నా కంచంలో ఇదివరకు రెండుసార్లు మన్ను పోసిన పెద్దమనిషి. ఒక కేసులో సాక్షి మాట మార్చాడు, ఇంకో కేసులో కాగితమే మాయమైంది.

"ఏమ్మా రాగసుధా," అన్నారు. "బందరు నుంచి ఇంత దూరం వచ్చింది ఈ స్టిక్కర్లు పీకేవాడి కోసమా?"

"మీరు తెనాలి నుంచి వచ్చి ఎవర్ని కాపాడుతున్నారో నేనడిగానా బాబాయి గారూ?"

"సంతకం పెట్టించుకొచ్చావా?"

"కాగితం తెచ్చాను. చక్కటి కాగితం. వెనకవైపు ఖాళీగా ఉంది, నా నోట్సుకు పనికొస్తుంది."

ఆయన ముఖం కొంచెం ఎర్రబడింది. నేను పడవ వైపు తిరిగాను.

పడవ ముక్కు, ఎడమవైపు. తెల్లటి షీటు మీద నీలం రంగు పదకొండు. షీటు చుట్టూ ఫైబర్ మీద గీతలు, అడ్డదిడ్డంగా, కొన్ని గోరు దిగేంత లోతు. ఎవరో ఎండలో నిలబడి విసుగ్గా బ్లేడుతో గీకిన పని. పిండిలా రాలిన పూత ఇంకా కొన్ని గీతల్లో అతుక్కుని ఉంది. కృపాకర్ వంగి చూసి తల పట్టుకున్నాడు.

"థూ! గిది నా పనని రాసిండ్రా? నన్ను జైల్ల ఏస్తె ఏసిండ్రు, గీ పనిని నా పేర రాయొద్దు."

"బ్లేడు వాడనని చెప్పేవాడు ఆ రోజు వాడి ఉండకూడదా?" అన్నారు వెంకటనారాయణ గారు.

నేను కుడివైపుకు వెళ్లాను. ఇక్కడా అదే తెల్ల షీటు, అదే పదకొండు. రెండో ఒకటి అంకె కింద అరచేతంత ఉబ్బు. అనూహ్య ఫైలు తెరిచి చదివింది.

"కుడివైపు స్టిక్కర్ కింద నీటి బుడగ. అని రాసినం."

వేలు పెట్టి నొక్కాను. నీటి బుడగైతే వేలి కింద జారుతుంది, అటు నొక్కితే ఇటు లేస్తుంది. ఇది జారలేదు. అంచు వెంట వేలు నడిపాను. తిన్నగా పోయి ఒకచోట ఠక్కున తిరిగింది. మళ్లీ తిన్నగా. మళ్లీ తిరిగింది.

"ఎస్సై గారూ, మీ వేలు ఇలా ఇవ్వండి. నాలుగు మూలలున్నాయి. నీటి బుడగకు మూలలు ఎక్కడైనా చూశారా?"

ఆమె కూడా వేలు నడిపి చూసింది. ఆమె కళ్లలో నిద్ర కాస్త వదిలింది.

"కింద ఏమున్నది?"

"తీస్తే తెలుస్తుంది."

"ల్యాబుకు పంపండి," అన్నారు వెంకటనారాయణ గారు చటుక్కున. "రెండు వారాల్లో రిపోర్టు వస్తుంది. పద్ధతి ప్రకారం పోదాం."

"ఆ రెండు వారాలు ఈయన జైల్లో ఉంటాడు. ఈ పడవ మీ యార్డులో ఉంటుంది. పద్ధతి మీకు బాగానే కుదిరింది."

"అయితే ఇప్పుడు ఎవరు తీస్తారు? నువ్వా?"

"నేను తీస్తే చిరుగుతుంది. కింద ఏదో అంటించి ఉంది, దాని మీద ఇది అతుక్కుని ఉంది. పైది లేవాలి, కిందిది కదలకూడదు. ఊళ్లో ఆ పని చేతనైన మనిషి ఇక్కడే ఉన్నాడు."

వెంకటనారాయణ గారు గట్టిగా నవ్వారు.

"అనూహ్యా, వింటున్నావా? ముద్దాయి చేత సాక్ష్యం ముట్టించమంటోంది! ఒక్క ముక్క చిరిగినా నీ ఉద్యోగం ఊడుతుంది. మీ పైవాళ్లందరూ నాకు తెలుసు."

అనూహ్య ఫైలు మూసింది. ఆమెకు ఎటు పోవాలో తెలియడం లేదని, భయపడుతోందని నాకు కనబడుతూనే ఉంది. ఆ వయసులో నేనూ భయపడ్డాను. ఆమె కానిస్టేబుల్ వైపు తిరిగి వీడియో పెట్టమంది. గేటు దగ్గరి కిరాణా కొట్టతన్నీ, ఒక ఆటోడ్రైవరునీ సాక్షులుగా పిలిపించింది. తర్వాత వెంకటనారాయణ గారితో అంది.

"ఆయన ఇంకా ముద్దాయి కాలే సార్. అరెస్టు కాగితం నా జేబులనే ఉన్నది. నేనే తీయిస్తున్న. బాధ్యత నాది."

ఒంటిగంటా పది. కృపాకర్ హీట్ గన్‌కు వైరు తగిలించి, చొక్కా చేతులు మడిచాడు. కళ్లు మూసుకుని లోలోపల ఏదో ప్రార్థన చేసుకున్నాడు. చిరిగితే ఆయన బతుకే చిరుగుతుంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

"గట్టిగ ఎవలు మాట్లాడొద్దు," అన్నాడు. అప్పటిదాకా ఆయన అందరి మాటా విన్నాడు. ఇప్పుడు అందరూ ఆయన మాట విన్నారు.

గన్ను జానెడు దూరంలో పట్టి అటూ ఇటూ ఊపాడు. రెండో చేతిని షీటుకు ఆనించి చూశాడు. తీశాడు. మళ్లీ ఆనించాడు. వేడి ఎక్కువైతే రెండూ కలిసి లేస్తాయి, తక్కువైతే పైది ముక్కలవుతుంది. పై మూల ప్లాస్టిక్ కార్డుతో లేపి, షీటును దాని మీదికే వెనక్కి మలిచి, వెంట్రుక వాసి చొప్పున లాగాడు. మొదటి ఒకటి అంకె లేచింది. ఉబ్బు దగ్గరికి వచ్చేసరికి గన్ను ఆపేశాడు.

"ఏమైంది?" అన్నాను.

"సల్లారనియ్యాలె. కిందిదాని బంక గట్టిపడాలె."

రెండు నిమిషాలు. వెంకటనారాయణ గారు ఎవరికో ఫోన్ చేయబోయారు. కృపాకర్ తల తిప్పకుండానే "సార్, బంద్ చెయ్యి," అన్నాడు. ఆయన నిజంగానే జేబులో పెట్టుకున్నారు.

షీటు మళ్లీ కదిలింది. దాని కింద ముందు పసుపు కనబడింది. తర్వాత కుంకుమ ఎరుపు. తర్వాత మొసలి తోక. చివరి అంచు వదిలి షీటు కృపాకర్ చేతిలోకి వచ్చేసరికి పడవ ముక్కు మీద మొసలి మీద కూర్చున్న గంగమ్మ తల్లి బొమ్మ చెక్కుచెదరకుండా ఉంది. నుదుట పసుపు, కుంకుమ అలాగే ఉన్నాయి. నీళ్లు లోపలికి చేరలేదు.

అందరికంటే ముందు ఆటోడ్రైవరు చెప్పులు విడిచాడు.

"ఎస్సై గారూ, అంచులు చూడండి," అన్నాను. బ్లేడు గీతలు నాలుగు వైపుల నుంచీ అమ్మవారి దాకా వచ్చి, అంచు దగ్గర ఆగిపోయాయి. "ఏడు అంకె గీకారు. కంపెనీ పేరు గీకారు. అమ్మవారి దగ్గరికి వచ్చేసరికి బ్లేడు పెట్టడానికి చెయ్యి రాలేదు. మొత్తంగా లేపడం చేతకాదు. అందుకని ఆ స్పేర్ సెట్టు తెచ్చి ఆమె మీదే కప్పేశారు. ఒక్క ఫిట్‌నెస్ కాగితం మీద రెండు పడవలు తిప్పుకోవడానికి."

"ఆ కప్పింది ఇతనే కాదని ఏమిటి?" అన్నారు వెంకటనారాయణ గారు.

కృపాకర్ లేచి నిలబడ్డాడు.

"స్టిక్కర్ మీద స్టిక్కర్ ఏస్తె వానాకాలం దాటదు సార్, గది పని నేర్చుకున్న మొదటి రోజు చెప్తరు. ఇగ దేవుని మొకం మీద ఏసుడా? నేను ఏసు ప్రభును మొక్కుత గని, ఎవల అమ్మ మొకం మీద గుడ్డ కప్ప."

ఫోను తీసి తలుపు ఫొటోలు అనూహ్యకు చూపించాను. తారీఖులు, మైసమ్మ, అన్నీ. ఏడో నంబరు ఆ షెడ్డుకు వచ్చి ఉంటే ఈ గంగమ్మ ఆ తలుపు మీద ఉండేది. అనూహ్య ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసింది.

"బాగుందమ్మాయ్, భక్తి కథ," అన్నారు వెంకటనారాయణ గారు. చప్పట్లు కూడా కొట్టారు. "నమ్మకాలు కోర్టులో నిలవవు. ఈ గంగమ్మ బొమ్మ పదకొండో నంబరు మీదిదేనని రేపు మా లాయరు అంటాడు. కాదని ఎవరు చెప్తారు? నన్నడిగితే నాకు తెలియదు. నేను ఈ కంపెనీలో చేరింది ప్రమాదం జరిగిన మర్నాడు. ఆ చెరువు మొహం కూడా చూడలేదు."

"నేను చెప్త," అంది నీలమ్మ.

అప్పటిదాకా ఆమె మా వెనక ఫొటో పట్టుకుని నిలబడే ఉంది. ముందుకు వచ్చి అమ్మవారి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. వేలితో కింది మూల తడిమింది. అక్కడ చిన్న మడత ఉంది.

"గీ మడత నాది. అంటించేటప్పుడు గాలికి మల్సుకపోయింది. మూడేండ్ల కింద, బోనాలప్పుడు, చార్మినార్ కాడ కొన్న. నా మొగడు గప్పుడు ఏడే నడిపేటోడు. ఏడుకే అంటించిన. అడుగు పగిలింది, ఏడు నడపనని ఆయననే లొల్లి పెట్టుకుండు. గప్పుడు పదకొండు ఇచ్చిన్రు. నాకు ఫికర్ పోయింది."

ఆమె కృపాకర్ వైపు తిరిగింది. "అన్నా," అంటూ చేతులు జోడించబోయింది. కృపాకర్ తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు.

"ఆ ఆదివారం పొద్దున ఫోన్ చేసిండు మేడం," అని అనూహ్యతో చెప్పింది. "గీ పదకొండు సుత ఏడు లెక్కనే ఎడమకు గుంజుతున్నదే నీలా, అన్నడు. నేనేమన్న? పిచ్చోనివా, అన్ని పడవలు ఒక్కతీరుగనే ఉంటయి, పని చూస్కో అన్న. ఇంటికి రా అని ఒక్క మాట అనలే." ఏడుపు ఆపుకుని జాకెట్లోంచి పాత ఫోను తీసింది. "నా ఫోన్ల అన్ని కాల్స్ రికార్డు అయితయి. మా తమ్ముడు పెట్టిచ్చిండు. గది ఇప్పటిదాంక ఇనలే. ఆయన గొంతు ఇనే ధైర్యం సాలలే."

వెంకటనారాయణ గారు రెండంగల్లో ఆమె ముందుకొచ్చి చెయ్యి చాచారు.

"ఇటివ్వమ్మా. అది సాక్ష్యం. ఇలా ఎవరుబడితే వాళ్లు మోగించకూడదు. సీజ్ చేయాలి."

"సీజ్ చేసేదాన్ని నేను," అంది అనూహ్య. కానిస్టేబుల్‌ను వీడియో ఆపొద్దంది.

నీలమ్మ ఆయన చేతిని చూసింది. ఆయన ముఖం చూసింది. ఫోను ఆయనకు అందకుండా వెనక్కి జరిగి స్పీకరు పెట్టి నొక్కింది.

ముందు గాలి హోరు. తర్వాత నగేష్ గొంతు, నవ్వుతున్నట్టే ఉంది. ఎడమకు గుంజుతోందన్నాడు. నీలమ్మ గొంతు అతన్ని పిచ్చోడంది. ఇద్దరూ ఫోను కట్ చేయలేదు, నగేష్ అలాగే జేబులో వేసుకున్నట్టున్నాడు. బట్ట రాపిడి చప్పుడు. దూరంగా పిల్లల అరుపులు. అప్పుడు ఇంకో గొంతు దగ్గరికొచ్చింది.

"ఏమయ్యా, జనం లైనులో నిలబడ్డారు. ఏం చేస్తున్నావు?"

"గిది పదకొండు గాదు సార్. నా చేతికి ఎర్కైతున్నది. ఖాళీగ ఒక రౌండు కొట్టి చూస్త. గప్పటిదాంక జనాన్ని ఎక్కియ్య."

"పడవ మీద ఏమని రాసుంది? పదకొండు. నువ్వు నంబరు నడుపు, పడవ సంగతి నేను చూసుకుంటాను. ఎక్కించు."

కాసేపు గాలి. తర్వాత నగేష్ ఒక్కో మాట నిలబెట్టి అన్నాడు.

"మీరు ఎక్కియ్యమంటెనే ఎక్కించిన్నని బుక్కుల రాస్త, వెంకటనారాయణ సార్. మీ పేరుతోని రాస్త."

వెంకటనారాయణ గారు చాచిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. అనూహ్య ఆ మణికట్టు పట్టుకుంది. ఆయన విదిలించుకోబోయి, వీడియో తీస్తున్న కానిస్టేబుల్‌ను చూసి ఆగారు. కృపాకర్ గంగమ్మ బొమ్మ మీద ఎండ పడకుండా తన చొక్కా విప్పి అడ్డం పట్టుకున్నాడు.

నీలమ్మ మమ్మల్నెవర్నీ చూడలేదు. రికార్డును మళ్లీ మొదటికి జరిపి, పడవకు ఆనుకుని కూర్చుని, ఫోను చెవికి పెట్టుకుంది.